మళ్లీ మహమ్మారి వస్తే ఏ వార్త నమ్మాలి, నాన్నగారికి ఎలా చెప్పాలి?

కూకట్‌పల్లి నుంచి మీరు మూడు విషయాలు అడిగారు. కరోనా రోజుల్లో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రతి మెసేజ్‌కీ టెన్షన్ పడ్డామని, మళ్లీ అలాంటిది వస్తే నమ్మదగ్గ సమాచారం ఎక్కడ దొరుకుతుందని మొదటిది. ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేస్తే మంచిదా అని రెండోది. షుగర్ ఉన్న మీ నాన్నగారు ఫార్వర్డ్‌లు నమ్మి సొంత వైద్యం మొదలుపెడితే ఎలా ఆపాలని మూడోది. నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లు అంటువ్యాధుల నిఘా పనిలో ఉన్నాను. 2009లో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు మన ఊళ్లో దిగిన ప్రయాణికుడిలోనే బయటపడింది. అప్పటి నుంచి కరోనా దాకా కేసుల లెక్కలు కూర్చడం, సరిచూడడం నా ఉద్యోగం. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు అసలు మాట చెబుతాను. మెసేజ్ చూడగానే "ఇది నిజమేనా?" అనుకుంటాం. ఇంట్లో కూర్చుని దానికి జవాబు చెప్పడం డాక్టర్లకు కూడా కష్టం. దాని బదులు "ఈ మాట చెప్పేవాళ్లకు ఇది ఎలా తెలిసింది?" అని అడగండి. ఎవరు చూశారు, ఎక్కడ, ఎప్పుడు, ఎంతమందిలో? ఈ ప్రశ్న వేయడానికి చదువుతో పనిలేదు. కరోనా కాలంలో నేను చూసిన పుకార్లలో చాలావరకు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయేవి. అడిగేవాళ్లే తక్కువ.

2020 మార్చిలో మన గ్రూపుల్లో తెగ తిరిగిన ఒక మెసేజ్ గుర్తుందేమో చూడండి. యునిసెఫ్ పేరుతో వచ్చింది. వైరస్ కణం 400 నుంచి 500 మైక్రో సైజు ఉంటుందట, కాబట్టి ఏ మాస్కయినా ఆపేస్తుందట. 26, 27 డిగ్రీల వేడికి చచ్చిపోతుందట. ఎండలో ఉండాలి, వేడినీళ్లు తాగాలి, ఐస్‌క్రీమ్ ముట్టుకోకూడదు. అది తమది కాదని యునిసెఫ్ చెప్పింది. ఆ ఖండన మనదాకా రాలేదనే అనుకుందాం. అయినా మెసేజ్‌ను నిదానంగా చదివితే చాలు. "400 మైక్రో" అంటే ఏమిటి? మైక్రాన్లు అనుకుంటే అది దాదాపు అర మిల్లీమీటరు. అంటే వైరస్ కంటికి కనిపించాలి! నిజానికి అది సుమారు 0.1 మైక్రాన్ ఉంటుంది. ఇక వేడి సంగతి. మన ఒంటి వేడే 37 డిగ్రీలు. 27 డిగ్రీలకు చచ్చేది మనిషి ఒంట్లో ఎలా బతుకుతుంది? ఎండలకు పోతుందని నమ్మినవాళ్లకు 2021 ఏప్రిల్, మే నెలలు ఏం చూపించాయో హైదరాబాద్‌లో ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు.

అదే మెసేజ్‌లో చేతులు సబ్బుతో కడుక్కోమని కూడా ఉంది. అది సరైన సలహాయే. పుకార్లు ఎక్కువగా ఇలాగే వస్తాయి, రెండు మంచి మాటల మధ్య నాలుగు అబద్ధాలు. మంచి మాట చూసి మిగతాదంతా నమ్మేస్తాం. పైన ఒక పెద్ద సంస్థ పేరు ఉంటే ఇక అడగనే అడగం. "గాంధీలో పనిచేసే డాక్టర్ చెప్పిన ఆడియో, అందరూ వినండి" అని వచ్చేవి కూడా ఇంతే. ఆ డాక్టర్ పేరు ఉండదు, ఏ విభాగమో ఉండదు, ఏ తేదీనో ఉండదు. గొంతులో ఏడుపు మాత్రం ఉంటుంది. నిజంగా డ్యూటీలో ఉన్న డాక్టర్ కష్టం చెప్పుకుంటే చెప్పుకుంటారు. కానీ ఒక వార్డు చూసిన మనిషికి ఊరంతా ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? ఆ ఆడియో అబద్ధమని నేను అనడం లేదు. అది ఒక వార్డు సంగతి, అంతవరకే తీసుకోండి.

ఇప్పుడు ప్రభుత్వ లెక్కల గురించి. ఇక్కడ రెండు రకాల మనుషులు ఉన్నారు. బులెటిన్‌లో ఉన్నదే నిజం అనేవాళ్లు, బులెటిన్ అంతా అబద్ధం అనేవాళ్లు. ఇద్దరూ ఆ నంబర్ ఎలా పుడుతుందో చూడలేదు. ఒకసారి దాని వెంట నడుద్దాం.

బస్తీ దవాఖాన ముందు లైన్లో నిలబడ్డ ఒకాయన అనుకోండి. ఆయనకు వైరస్ సోకింది ఐదారు రోజుల క్రితం. జ్వరం మొదలై రెండు రోజులైంది. తగ్గుతుందిలే అని చూసి ఇవాళ వచ్చాడు. ముక్కులోంచి శాంపిల్ తీసి, చిన్న ట్యూబులో వేసి, ఐస్ బాక్సులో ల్యాబ్‌కు పంపుతారు. రద్దీ లేకపోతే మర్నాడు ఫలితం వస్తుంది, సెకండ్ వేవ్ లాంటి సమయంలో రోజులు పట్టేది. ఫలితాన్ని పోర్టల్‌లో ఎక్కిస్తారు. అదే మనిషి రెండు చోట్ల టెస్ట్ చేయించుకుంటే ఒక ఎంట్రీ తీసేయాలి. పక్క జిల్లా చిరునామా ఉంటే అటు మార్చాలి. అన్నీ అయ్యాక ఆయన "ఈరోజు కేసు" అవుతాడు. అంటే మీరు టీవీలో చూసే ఇవాళ్టి సంఖ్య దాదాపు వారం పది రోజుల కిందటి ఊరి పరిస్థితి. ఆదివారం టెస్టులు తక్కువ జరుగుతాయి కాబట్టి ఆ తర్వాత వచ్చే బులెటిన్‌లో కేసులు తగ్గినట్టు కనిపిస్తాయి. "తగ్గుముఖం పట్టిన కరోనా" అని స్క్రోలింగ్ వస్తుంది. రెండు రోజులకు "ఒక్కసారిగా విజృంభణ" అని ఇంకోటి వస్తుంది. రెండూ ఆదివారం మహిమే.

అందుకే కేసుల సంఖ్య ఒక్కటే చూడొద్దు. ఎన్ని టెస్టులు చేశారో పక్కనే చూడండి. వందమందికి టెస్ట్ చేస్తే ఎంతమందికి పాజిటివ్ వస్తోంది? ఆ శాతం ఒక వారం సగటు, అంతకుముందు వారం సగటు, ఈ రెండింటినీ పోల్చుకుంటే చాలు. ఆస్పత్రిలో ఆక్సిజన్ బెడ్ల మీద ఎంతమంది ఉన్నారన్నది ఇంకా మంచి సూచిక. టెస్టులు తగ్గించినా ఆ సంఖ్య దాగదు.

బులెటిన్‌లోకి రాని కేసుల మాటేమిటి? వాటినీ కొలిచారు, మన ఊళ్లోనే. 2020 ఆగస్టులో నగరంలోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి శాంపిల్స్ తీసి, నగరంలో సుమారు 6.6 శాతం మందికి అప్పటికే వైరస్ సోకి ఉంటుందని అంచనా కట్టారు. మరుసటి ఏడాది మొదట్లో సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్, భారత్ బయోటెక్ కలిసి జీహెచ్‌ఎంసీ పరిధిలో 30 వార్డుల్లో 9 వేల మందికి పైగా రక్తపరీక్షలు చేస్తే 54 శాతం మందిలో యాంటీబాడీలు, అంటే వైరస్ సోకినట్టు చెప్పే గుర్తులు, కనిపించాయి. వాళ్లలో నూటికి 75 మందికి పైగా తమకు కరోనా వచ్చి పోయిందనే తెలియదు. తెలియనివాళ్లు టెస్టుకు రారు, టెస్టుకు రానివాళ్లు బులెటిన్‌లోకి రారు. ఇందులో కుట్ర ఏమీ లేదు. బులెటిన్ చెప్పేది టెస్టులో దొరికినవాళ్ల సంఖ్య మాత్రమే.

అలాగని ప్రభుత్వం చెప్పిందల్లా తలూపమని నేను అనను. 2020లో టెస్టులు తక్కువ చేస్తున్నారని, బులెటిన్లలో వివరాలు సరిగా ఇవ్వడం లేదని తెలంగాణ హైకోర్టు ప్రభుత్వాన్ని పలుమార్లు గట్టిగా అడిగింది. అడగాల్సిందే. ఆ ఒత్తిడి వల్ల బులెటిన్ మెరుగైంది కూడా. "ఎలా తెలిసింది?" అన్న ప్రశ్న అధికారులకూ వర్తిస్తుంది. తేడా ఏమిటంటే వాళ్లను పట్టుకుని అడగడానికి ఒక చిరునామా ఉంటుంది, కోర్టు ఉంటుంది, అసెంబ్లీ ఉంటుంది. ఫార్వర్డ్‌కు అవేవీ ఉండవు.

ఇక ఎక్కడ చూడాలంటారా? రాష్ట్ర ఆరోగ్యశాఖ బులెటిన్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లేదా కేంద్ర ఆరోగ్యశాఖ సూచనలు, మీరు రోజూ చదివే ఒక పేపర్. ఏదైనా మెసేజ్ మీద అనుమానం ఉంటే కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ ఉంది, మన హైదరాబాద్ నుంచే పనిచేసే నిజనిర్ధారణ సైట్ ఫ్యాక్ట్‌లీ తెలుగులో కూడా వివరంగా రాస్తుంది. అయితే పీఐబీ ప్రభుత్వ విభాగం కదా, ప్రభుత్వం మీద వచ్చిన విమర్శ విషయంలో దాని మాట ఒక్కటే చూసి ఊరుకోవద్దు. రోజుకు ఒక్కసారి, సాయంత్రం, పావుగంట చాలు. మీరు చేసే పనిని మార్చగల కొత్త విషయం వారానికి ఒకటి వస్తే ఎక్కువ. మాస్క్ పెట్టుకోవాలా, ఎవరు ముందు టీకా వేయించుకోవాలి, ఎప్పుడు ఆస్పత్రికి వెళ్లాలి, మనకు కావలసినవి ఇవే. మిగతా 23 గంటల బ్రేకింగ్ న్యూస్ బీపీని తప్ప దేన్నీ పెంచదు. పడుకునే ముందు మాత్రం చూడకండి.

చాలామంది నన్ను అడిగే ఒక మాట ఉంది. "సార్, డాక్టర్లే రోజుకో మాట మార్చారు, ఇంక ఎవర్ని నమ్మాలి?" మాట మారింది నిజమే. మొదట్లో మామూలు జనం అందరికీ మాస్క్ అక్కర్లేదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్ 5న మాస్క్ పెట్టుకోమంది. ప్లాస్మా సంగతి చూడండి. కోలుకున్నవాళ్ల రక్తంలోని ప్లాస్మా ఎక్కిస్తే బతుకుతారని ఊరంతా దాతల కోసం పరుగులు తీసింది. ఐసీఎంఆర్ 39 ఆస్పత్రుల్లో 464 మంది రోగుల మీద పరీక్షించి చూస్తే ప్రయోజనం కనిపించలేదు. ఆ ఫలితం 2020 అక్టోబరులోనే అచ్చయింది. చికిత్స సూచనల్లోంచి ప్లాస్మాను తీసేసింది మాత్రం 2021 మే 17న. ఆ మధ్యకాలంలో, సెకండ్ వేవ్ పతాకస్థాయిలో, ఎన్ని కుటుంబాలు రాత్రంతా దాత కోసం ఫోన్లు చేస్తూ కూర్చున్నాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అంత ఆలస్యం జరగాల్సింది కాదు. కానీ మాట మార్చినందుకు తప్పు పట్టకండి. కొత్త రోగం వచ్చినప్పుడు ఆర్నెల్ల తర్వాత కూడా మొదటిరోజు మాటే చెప్పేవాళ్లున్నారంటే వాళ్లు రోగుల్ని చూడడం లేదన్నమాట. ఎందుకు మారిందో కారణం చెబుతున్నారా, అది చూసుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది సగం నిజానికి. మీ నాన్నగారి విషయంలో ఇది మరీ ముఖ్యం కాబట్టి వివరంగా చెబుతాను. 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో డెక్సామెథాసోన్ అనే చవకైన స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతుందని తేలింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఎంత గొప్ప వార్త! అదే పరీక్షలో ఇంకో వాక్యం ఉంది. ఆక్సిజన్ అవసరం లేని రోగులకు దాని వల్ల మేలు కనబడలేదు. మొదటి వాక్యం ఫార్వర్డ్ అయింది, రెండోది అవలేదు. ఎవరో తెలిసినవాళ్ల ప్రిస్క్రిప్షన్ ఫొటో తీసి గ్రూపులో పెడితే, జ్వరం వచ్చిన మొదటిరోజే మెడికల్ షాపులో కొనుక్కుని ఇంట్లో మింగినవాళ్లు ఎంతోమంది. స్టెరాయిడ్ పడితే షుగర్ అదుపు తప్పుతుంది, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. 2021 మేలో బ్లాక్ ఫంగస్ విరుచుకుపడడానికి అదుపులో లేని షుగర్, ఇష్టారాజ్యంగా వాడిన స్టెరాయిడ్లు పెద్ద కారణాలు. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని దానికోసమే ప్రధాన కేంద్రంగా చేయాల్సి వచ్చింది. కంటి చుట్టూ వాపుతో, ముఖంలో ఒక పక్క నొప్పితో అక్కడికి వచ్చినవాళ్లలో కొందరికి ప్రాణం దక్కినా కన్ను పోయింది. అదే సమయంలో గ్రూపుల్లో ఏం తిరిగిందో తెలుసా? ఉల్లిపాయ మీద నల్లటి పొర ఉంటే బ్లాక్ ఫంగస్ వస్తుందని! ఆ పొర వేరే బూజు, దీనికీ దానికీ సంబంధం లేదు. ఉల్లిపాయలు పారేసి, మందుల పెట్టెలోని స్టెరాయిడ్‌ను ఉంచుకున్నారు జనం.

కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకు ఇచ్చిన నాటుమందు గురించి కూడా ఒక మాట, ఎందుకంటే పెద్దవాళ్లకు అది బాగా గుర్తు. 2021 మేలో వేలమంది అక్కడికి వెళ్లారు. ఆక్సిజన్ పడిపోయిన ఒక విశ్రాంత హెడ్మాస్టరు కంట్లో చుక్కలు వేయించుకుని లేచి కూర్చున్నానని చెప్పిన వీడియో ప్రతి ఫోన్‌కీ చేరింది. కొద్దిరోజులకే ఆయన ఆస్పత్రిలో చనిపోయారు. ఆ వార్త అంత దూరం వెళ్లలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిశీలించి, కంటి చుక్కలు తప్ప మిగతావి ఇవ్వడానికి ఒప్పుకుంది. అయితే హాని లేదనే చెప్పారు, కరోనా తగ్గిస్తుందని తేల్చలేదు. నమ్మి వెళ్లినవాళ్లను నేను తప్పుపట్టను. బెడ్ దొరకని రోజుల్లో ఎవరైనా వెళ్తారు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. కరోనా వచ్చినవాళ్లలో నూటికి 80 మందికి ఆస్పత్రి అవసరం లేకుండానే తగ్గింది. అలాంటి రోగంలో ఏ మందు ఇచ్చినా పనిచేసినట్టే కనిపిస్తుంది. "నాకు తగ్గింది" అని ఒకరు చెప్పడం అబద్ధం కాకపోవచ్చు. ఆ మందు వల్లే తగ్గిందని ఆయనకు ఎలా తెలుసు?

మీ గ్రూపు సంగతికి వద్దాం. బయటికి రాకండి. 2021లో ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడ ఉందో, ఏ ఫ్లాట్‌లో ముసలివాళ్లు ఒంటరిగా ఉన్నారో, ఎవరికి భోజనం పంపాలో చెప్పింది ఇలాంటి గ్రూపులే. మ్యూట్‌లో పెట్టి రోజుకోసారి చూడండి. అడ్మిన్‌తో మాట్లాడి ఒక్క పద్ధతి పెట్టించండి: బెడ్, ఆక్సిజన్, మందుల నంబర్ పంపేవాళ్లు తాము స్వయంగా ఫోన్ చేసి, మాట్లాడిన సమయం పక్కన రాయాలి. "సాయంత్రం 4:30కి మాట్లాడాను, రెండు సిలిండర్లు ఉన్నాయి" అని. అప్పట్లో పనిచేయని నంబర్లకు ఫోన్లు చేస్తూ విలువైన గంటలు పోగొట్టుకున్నారు. అడ్వాన్స్ పంపితే రెమ్‌డెసివిర్ ఇస్తామన్న మోసగాళ్లకు డబ్బులూ పోగొట్టుకున్నారు. చూడకుండా డబ్బు పంపొద్దని అందరికీ చెప్పండి.

మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్‌లో అలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ కట్టడి చేస్తే, అవి తిరగడం 70 శాతం తగ్గిందని కంపెనీయే చెప్పింది. అంటే జనం చెడ్డవాళ్లు కాదు, పంపడం తేలిక కాబట్టి పంపుతున్నారు. వీడియో వస్తే మాత్రం తేదీ అడగండి. 2020 ఏప్రిల్‌లో పండ్ల వ్యాపారి ఉమ్మి రాస్తున్నాడని తిరిగిన వీడియో ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్‌లో తీసింది. దాన్ని కరోనాకు, ఒక మతానికి ముడిపెట్టి తిప్పారు. ఆ పూట అమ్మితే తప్ప గడవని తోపుడుబండ్లవాళ్లను గల్లీల్లోకి రానివ్వకపోవడానికి అలాంటి వీడియోలే కారణం. మీ గ్రూపులో అలాంటిది వస్తే దయచేసి మౌనంగా ఉండకండి. "ఇది ఎప్పటిది, ఎక్కడిది? తెలియకపోతే తీసేయండి" అని మర్యాదగా, అందరి ముందే రాయండి.

ఇలాంటివి మళ్లీ వస్తూనే ఉంటాయి. 2022 డిసెంబరులో ఎక్స్‌బీబీ అనే కరోనా కొత్త రకం ప్రాణాంతకమని, దగ్గు, జ్వరం ఉండవని తిరిగిన మెసేజ్ తప్పని కేంద్ర ఆరోగ్యశాఖే చెప్పింది. 2025 జనవరిలో హెచ్‌ఎంపీవీ అనే శ్వాసకోశ వైరస్ వంతు వచ్చింది. కర్ణాటకలో ఇద్దరు పసిపిల్లల్లో దొరికిందని చెప్పగానే మళ్లీ లాక్‌డౌన్ అన్నారు. ఎలా తెలిసింది అని అడిగితే, మామూలుగా జరిగే శ్వాసకోశ వ్యాధుల నిఘా పరీక్షల్లో దొరికింది. ఆ వైరస్ 2001 నుంచి వైద్యులకు తెలిసినదే. కొత్తది కానే కాదు.

ఇక మీ నాన్నగారు. ఫ్యామిలీ గ్రూపులో అందరి ముందు ఆయన పంపినదాని కింద "ఇది ఫేక్ నాన్నా" అని లింక్ పెట్టకండి. పరువు పోయిందనుకుంటారు, తర్వాత మీకు చెప్పకుండా చేసుకుంటారు. పక్కన కూర్చుని అడగండి. "ఇది ఎవరు పంపారు నాన్నా? రామాలయం దగ్గర కలిసే అంకులా? ఆయనకు ఎవరు చెప్పారట?" ఆయన ఆ అంకుల్‌కే ఫోన్ చేస్తే ఇంకా మంచిది. రెండు ఫోన్లలో ఆ గొలుసు తెగుతుంది. ఎవరికీ తెలియదని ఆయనే మీకు చెబుతారు.

ప్రతిదానికీ గొడవ వద్దు. మిరియాల కషాయం, తులసి, పసుపు పాలు తాగితే తాగనివ్వండి. వాటిలో బెల్లం, చక్కెర ఎంత వేస్తున్నారో మాత్రం చూడండి. మీరు గట్టిగా నిలబడాల్సినవి మూడే. షుగర్, బీపీ మాత్రలు ఆపడం. డాక్టర్ రాయకుండా స్టెరాయిడ్ గానీ యాంటీబయోటిక్ గానీ మింగడం. ఆస్పత్రికి వెళ్లాల్సిన గంటలో ఇంటి వైద్యంతో కాలం గడపడం. సెకండ్ వేవ్‌లో కర్పూరం, వాము, లవంగాల మూట వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని తిరిగింది. పెరగదు. కర్పూరం నోట్లోకి వెళ్తే విషం, ఇంట్లో చిన్నపిల్లలుంటే అందనివ్వకండి. ఆ మూట పట్టుకుని తెల్లారేదాకా ఎదురుచూడడమే అసలు ప్రమాదం.

ఆయనకు ఒక పని అప్పగించండి. ఒక నోటుబుక్కు ఇచ్చి ఉదయం, సాయంత్రం జ్వరం, షుగర్, ఆక్సిజన్ రాయమనండి. తన నంబర్లు తానే రాసుకునే మనిషికి మెసేజ్‌ల మీద ధ్యాస తగ్గుతుంది, ఇది చాలా ఇళ్లలో చూశాను. ఆక్సిజన్ చూసే ఆక్సిమీటర్ వేలికి పెట్టేముందు ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి, వేళ్లు చల్లగా ఉండకూడదు. అమ్మగారికి చూసేటప్పుడు గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలు ఎంచుకోండి, లేకపోతే రీడింగ్ తప్పు రావచ్చు. రోజూ చూపించుకునే డాక్టర్ నంబరు, దగ్గర్లోని బస్తీ దవాఖాన చిరునామా, 108 ఆ బుక్కు అట్ట మీదే పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. కరోనా లాంటి రోగమైతే ఆక్సిజన్ 94 కంటే తగ్గిన రోజు వేరే వేలికి పెట్టి ఇంకోసారి చూసి, అప్పటికీ తగ్గే ఉంటే డాక్టర్‌కు ఫోన్ చేయండి. 90 కంటే తగ్గినా, మాట్లాడడానికి ఆయాసపడుతున్నా, మాట తడబడుతున్నా ఫోన్‌లో ఎవర్నీ సలహా అడక్కుండా బయల్దేరండి. నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి, డ్యూటీ డాక్టర్ ముందు అడిగేవి అవే.